ఫ్లెక్సీలో లేని మనిషి

మల్లప్ప కారు గేటు బయటే ఆగింది. డోరు తెరుచుకోలేదు.

పూజిత టైం చూసుకుంది. చేవెళ్లలో 'తోటబాట' అనే కూరగాయల కంపెనీ కొత్త కొనుగోలు కేంద్రానికి ఈ రోజే ప్రారంభం. నగరంలో కంపెనీలకు ప్రచారం చేసిపెట్టే ఒక పీఆర్ ఆఫీసులో మూడు నెలలుగా ట్రైనీగా ఉన్న పూజిత ఒంటి చేత్తో నడిపిస్తున్న మొదటి కార్యక్రమం ఇది. సాఫీగా జరిగితే ఉద్యోగం పక్కా. బెడిసికొడితే సోమవారం నుంచి రానక్కర్లేదని బాస్ జెన్నీ మేడం నిన్ననే మొహం మీద చెప్పేసింది.

పదకొండుకు కంపెనీ ఎండీ వస్తాడు. పదిన్నర దాటిపోయింది. టమాటా డబ్బాలతో ఆటో ట్రాలీలు వరుసగా నిలబడి ఉన్నాయి, ఒక్క డబ్బా కిందికి దిగలేదు. రైతుల ఇళ్లకు తిరిగి తిరిగి వాళ్లను ఒప్పించి తెచ్చినవాడు మాజీ సర్పంచ్ మల్లప్ప. ఆయన దిగితేగానీ డబ్బా దిగదు. ఆయనేమో షట్టరుకు కట్టిన ఫ్లెక్సీ చూసి కారులోనే కూర్చుండిపోయాడు. అందులో కంపెనీ గుర్తు ఉంది, ఎండీ నవ్వు ఉంది, తక్కినదంతా తెల్లటి ఖాళీ. మల్లప్ప ఫొటో లేదు.

ఈ చుట్టుపక్కల ఫ్లెక్సీ అంటే అలంకారం కాదు, మర్యాద. ఎవరి బొమ్మ ఎక్కడుంది, ఎవరిది ఎంత పెద్దది అని పెళ్లిలో పెట్టుపోతలు చూసినట్టు చూస్తారు. పుట్టినరోజు ఫ్లెక్సీలో బొమ్మ జారిపోయిందని మాటలు మానేసిన అన్నదమ్ములు ఉన్నారు. పక్కనే సురంగల్‌లో పుట్టి పెరిగిన పూజితకు ఇది తెలియదంటే ఎవరు నమ్ముతారు?

తెలుసు. అదే కదా బాధ! నిన్న సాయంత్రం ఫ్లెక్సీ షాపు గణేష్ పనిగట్టుకుని ఫోన్ కూడా చేశాడు.

"చెల్లె, మల్లప్ప సార్ ఫొటో లేదేంది? మర్చిపోయిన్రా? నా దగ్గర ఉన్నది, పెట్టాల్నా?"

"వద్దన్నా. ఆఫీసు డిజైన్ ఎట్లున్నదో అట్లనే కొట్టు."

మల్లప్ప బొమ్మ పెడితే ఆయన మనుషులందరివీ పెట్టాలి. అలా ముప్పై తలకాయలున్న ఫ్లెక్సీ ఫొటో ఆఫీసు గ్రూపులో పడితే అందరూ నవ్వుతారని ఆమె భయం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పిల్ల రచ్చ గెలవడం కోసం ఇంటినే దాచేసింది.

"పెద్దాయనను పిలిచి గిట్ల ఇజ్జత్ తీస్తరా?" కారు చుట్టూ చేరినవాళ్లలో ఒకడు అరిచాడు. "బండ్లు వాపస్ తిప్పుండ్రి!"

మొదటి ట్రాలీ ఇంజను స్టార్టయింది. విలేకరులు ఫోన్లు పైకెత్తారు. అదే సమయానికి పూజిత ఫోన్ మోగింది. ఎండీతో కలిసి వస్తున్న జెన్నీ మేడం మొయినాబాద్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంది. పూజిత గబగబా సంగతి చెప్పింది.

"ప్రింటర్ తప్పని చెప్పెయ్. చిన్న షాపు, ఎవరు పట్టించుకుంటారు? మేం వచ్చేలోపు ఆయన్ని లోపల కూర్చోబెట్టు," అని పెట్టేసింది.

ఎవరు పట్టించుకుంటారట! గణేష్ షాపు బతికేదే మల్లప్ప మనుషులిచ్చే ఆర్డర్ల మీద. ఆ ఒక్క మాటతో రేపటి నుంచి ఆ గడప ఎవడూ తొక్కడు. పూజిత కారు దాకా నడిచింది.

అద్దం సగం దిగింది.

"గణేష్ గాడు నా ఫొటో ఎగ్గొట్టిండంటున్నరు. నిజమేనా?" అన్నాడు మల్లప్ప.

ఫ్లెక్సీ కట్టడానికి వచ్చిన గణేష్ షట్టరు పక్కనే ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అవునంటే చాలు, ఉద్యోగం దక్కుతుంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"కాదు పెద్దబాపు. గణేషన్న ఫోన్ చేసి అడిగిండు. నేనే వద్దన్న."

ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఎవలి బిడ్డవు?"

"సురంగల్ సత్తయ్య బిడ్డను."

"సత్తయ్య బిడ్డవై ఉండి గీ మాత్రం తెల్వదా?"

"తెలుసు. మన ఫ్లెక్సీలు చూసి పట్నంల నవ్వుతరని సిగ్గయింది. తప్పు నాదే."

మల్లప్ప అద్దం పూర్తిగా దించాడు.

"మమ్ముల చూస్తే సిగ్గయిందా, నిన్ను నువ్వు చూస్కుంటే సిగ్గయిందా?"

పూజిత చున్నీతో కళ్లు తుడుచుకుంది.

మల్లప్ప డోరు తీసుకుని దిగాడు. "ఓ గణేషూ, ఇప్పెయ్ దాన్ని. నా ఫొటో లేని కాడ ఇంకెవనిదీ వద్దు. డబ్బాలు దించుండ్రి."

ఎండీ వచ్చి బోసి షట్టరు ముందు రిబ్బన్ కత్తిరించాడు. కార్యక్రమం బాగానే జరిగింది, కాకపోతే ఏ విలేకరి ఫొటోలోనూ కంపెనీ పేరు లేదు. ఎండీ మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు.

జెన్నీ మేడం పూజితను పక్కకు పిలిచింది.

"ఆ ప్రింటర్ మాట వదిలెయ్, అలా చెప్పమనడం నా తప్పే. ఫొటో లేకపోతే గొడవవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు మేడం."

"మరి నాకెందుకు చెప్పలేదు? తెల్లటి డిజైన్లు గీసేవాళ్లు ఆఫీసులో పదిమంది ఉన్నారు. చేవెళ్ల తెలిసినదానివని నిన్ను తీసుకున్నాను. ఆ ఒక్కటే దాచిపెట్టావు."

పూజిత తల వంచుకుంది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది.

"ఉద్యోగం ఇప్పుడే పక్కా చేయడం లేదు. ఇంకో మూడు నెలలు చూస్తాను," అంది మేడం. "ఈసారి నేను తప్పు డిజైన్ పంపితే, అది ప్రింటుకు వెళ్లకముందే నాతో కొట్లాడాలి. కొట్లాడతావా?"

"కొట్లాడుత మేడం. గట్టిగనే కొట్లాడుత."

మూడు నెలలుగా ఆఫీసువాళ్ల ముందు ఆచితూచి మాట్లాడుతున్న పిల్ల నోటి నుంచి ఇంటి మాట వచ్చేసింది. దిద్దుకోలేదు.