ఏటికి పెట్టిన తలుపు

వాకాడు దాటి సరుగుడు తోపుల్లో పడి తూర్పుగా నడిస్తే, ఇసక కాళ్లని మింగడం మొదలుపెట్టేచోట మొగవాకిలి అనే ఊరు వస్తుంది. సర్కారు పటంలో ఆ ఊరు కనబడదు. కొలిచే గొలుసులు పట్టుకుని ఎవరొచ్చినా ఏరు పక్కకి జరిగి వాళ్లకి అడ్డం పడుకునేదట. ఆ ఊరికి మునసబు లేడు, కరణం లేడు. ఊరినేలేది పనివాళ్ల కూటం. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, వలలల్లేవాడు, పడవలు కట్టేవాడు అంతా చావడిలో ఎవరి పీట మీద వాళ్లు కూర్చుని ఏం చెబితే అదే చట్టం. పీట ఉన్నవాడికే ఊళ్లో ఇల్లు. ఆ పీటకి కులం, మతం పట్టవు. చెయ్యి బాగుండాలి, అంతే.

క్రీస్తుదాసు బిట్రగుంట రైలు పెట్టెలకి తలుపులు చేసే వడ్రంగి. కలప కోసం ఒకసారి ఇటొచ్చి, చూసిందానికి నోరు తెరిచి, వెనక్కి పోబుద్ధి కాక ఉద్యోగానికి నీళ్లొదిలేశాడు. ఇక్కడ కుమ్మరి బానలో ఉప్పునీళ్లు పోసి పెడితే తెల్లారేసరికి తియ్యనవుతాయి. ముత్యాలయ్య అల్లిన వల, కడుపులో గుడ్లున్న చేపని తనంతట తానే వదిలేస్తుంది. ఊరివాళ్లకి ఇదంతా మామూలు. ఎప్పుడైనా వల వదలకపోతే, "ఏం ముత్యాలన్నా, రాత్రి నిద్ర పట్టలేదా?" అని ఎగతాళి చేస్తారు.

అన్నిటికన్నా పెద్ద వింత తలుపు. వేసవిలో ఏరు సముద్రంలో కలిసే మొగని ఇసక పూడ్చేస్తుంది. ఏటికీ సముద్రానికీ మధ్య పెద్ద మేట పడుతుంది. కార్తీకంలో వానలకి ఏరు నిండేనాటికి కూటం ఆ మేట మీద ఒక తలుపు నిలబెడుతుంది. గోడ లేదు, కప్పు లేదు. ఇసకలో ఒక గడప, ద్వారబంధం, రెండు రెక్కలు. ఒక రాత్రి మూసి ఉంచి పొద్దున్నే తెరిస్తే, ఏరు ఆ తలుపులోంచి నడిచి సముద్రంలోకి పోతుంది. సముద్రపు ఉప్పు ఏట్లోకి ఎక్కుతుంది, దాని వెంటే చేపా వస్తుంది.

"ఈ ఏడు తలుపు నువ్వు చెయ్యి నాయనా," అంది కూటం పెద్ద నాగులమ్మ. పడవలు కట్టి కట్టి ఆమె వేళ్లు కొయ్య మేకుల్లా ఉంటాయి. "ఏరు కదిలిందా, నీకు పీట. కదల్లేదా, గునపాల్తో మేట తెగ్గొట్టుకుంటాం. గునపంతో తెగిన ఏరు అలుగుద్ది. యాడాదంతా చేపని రానీదు. అట్టాంటప్పుడు నువ్వీ ఊళ్లో ఉండలేవు. ఇంకోటి, తలుపులో తప్పుంటే మేమెవరమూ చెప్పం. చెప్పించుకుని చేసిన తలుపుని ఏరు నమ్మదు."

క్రీస్తుదాసు తనకి తెలిసిన విద్యంతా ఆ తలుపులో పెట్టాడు. పలకకి పలక గాడి తీసి బిగించాడు. అంచుల్లో కంబళి గుడ్డ పట్టీలు మేకులేసి కొట్టాడు. మూస్తే చీమకి దారి లేదు. రెక్కలకి ఇనప బందులు కొట్టిచ్చిన కమ్మరి చెంచయ్య వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "రైలాయనా, దీన్లో పడుకుని మెడ్రాసు దాకా పోవచ్చుగదా," అని నవ్వాడు. నాగులమ్మ అంచు మీద బొటనవేలు జరిపి, "బాగా బిగించినావు నాయనా," అని ఊరుకుంది. ఆ మాటకి క్రీస్తుదాసు ఒళ్లు పొంగిపోయింది.

మర్నాడు పొద్దున ఊరంతా మేట మీదకొచ్చింది. డప్పులు మోగాయి. క్రీస్తుదాసు రెక్కలు లాగాడు. అవి కిర్రుమనకుండా వెన్నలా తెరుచుకున్నాయి. అవతల సముద్రం తళతళమంది.

ఏరు మాత్రం రాలేదు. గడపకి మూరెడు దూరంలో, కొత్త కొట్టం ముందు మొరాయించిన ఎద్దులా ఆగిపోయింది. వెనకనించి నీళ్లొచ్చి పడుతూనే ఉన్నాయి. ఏరు ముందుకి రాకుండా పైకి లేవసాగింది.

డప్పులు ఆగిపోయాయి. నాగులమ్మ ఏటి వంక ఒకసారి, ఊరి వంక ఒకసారి చూసింది. "ముత్యాలయ్య గడప తడిసేదాకా చూస్తాం. ఆపైన గునపాలే," అంది. అందరికన్నా పల్లంలో ఉండేది ముత్యాలయ్య ఇల్లు.

క్రీస్తుదాసు తలుపు మూశాడు. నూలుగుండు వేలాడదీసి చూశాడు, వంకర లేదు. బందుల్లో నూనె పోశాడు. గడప కింద ఇసక తవ్వి చూశాడు. తప్పెక్కడా దొరకలేదు. తలెత్తి చెంచయ్య మొహం చూశాడు. చెంచయ్య పుగాకు నములుతూ ఆకాశంలోకి చూస్తున్నాడు.

"అన్నా, ఒక్క మాట..."

"నన్నడగబాకయ్యా. నోరు జారితే నా పీట గూడా పోద్ది."

అప్పుడే అతని పెళ్లాం ఆనందకుమారి గంజి ముంత తీసుకుని సముద్రం ఒడ్డువెంట వచ్చింది. మొగుడు ఏటి వైపున్నాడు, తను సముద్రం వైపునుంది. మధ్యన మూసిన తలుపు. అతను తలుపుకి చేరగిలబడి, "కుమారీ, ఇట్టా ఇయ్యి, నాలిక పిడచగట్టుకు పోతుండాది," అన్నాడు. పలుకు లేదు. మళ్లీ పిలిచాడు. తలుపు మీద గుద్దాడు. చివరికి విసుగొచ్చి అంచు పక్కనించి తల చాచి చూశాడు. ఆమె తలుపుకి వీపానించి కూర్చుని గలగలా మాట్లాడుతోంది.

"...అందుకే ఈ ఊరొద్దని అప్పుడే చెప్పినా. అడుగుతుంటే పలకరేందండీ? రాయిగాని మింగినారా?"

"నువ్వు మాట్లాడతా ఉండావా?"

"ఇందాకట్నించీ. ఊళ్లోవాళ్లందరికీ వినపడేటట్టు మాట్లాడతా ఉండా!"

"నేను పిలిచినా. గుద్దినా గూడా."

"నాకేం వినపళ్లా. అలల చప్పుడు తప్ప. కిటికీలన్నీ మూసిన రైలు పెట్టె పక్కన కూసున్నట్టుండాది."

క్రీస్తుదాసు ముంత అందుకున్నాడు గానీ తాగలేదు. తల ఇవతలికి తీసుకుని తలుపుకి చెవి ఆనించాడు. మేట మీద ఇంకెక్కడ నిలబడినా సముద్రం హోరు వినబడుతుంది. ఈ తలుపు వెనక సముద్రమనేదే లేనట్టుంది. ఏరు రాత్రంతా ఇక్కడే నిలబడింది. వేసవంతా ఎడబాసిన ఏరూ, సముద్రమూ తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడి ఒకరి సడి ఒకరు వినాల్సిన రాత్రి అది. తను వాళ్ల మధ్యన కంబళి బిగించాడు. రైలు పెట్టె తలుపు వానని, దుమ్ముని, పొగని లోపలికి రానివ్వదు. పదిహేనేళ్లుగా అతని చేతులు నేర్చుకున్నదంతా దేన్నీ రానివ్వకపోవడమే.

ఊరి వైపునించి కేక వచ్చింది. నీళ్లు ముత్యాలయ్య వాకిట్లోకి వచ్చాయి. మగవాళ్లు గునపాలు భుజానికెత్తారు.

క్రీస్తుదాసు ఉలి తీశాడు. కంబళి పట్టీల కింద దూర్చి చర్రున లాగాడు. చిత్రిక పట్టి అంచులు దిగతీశాడు. కొంగు అంచులా సమంగా కుదిరిన పలకల మధ్య ఉలి దించి సందులు చేశాడు. ఒక్కొక్క దెబ్బా తన చేతి మీదే పడ్డట్టుంది. రెక్క ఊగుతోంది, ఒక్కడి వల్ల కావడం లేదు. పుగాకు ఉమ్మేసి చెంచయ్య దగ్గరకొచ్చి రెక్కకి భుజమానించాడు.

"చెప్పగూడదనే గదా కట్టు. పట్టగూడదని ఎవురన్నారు? కొట్టు కొట్టు!"

సందులు పడ్డాయి. తలుపు మూశారు. సముద్రపు గాలి ఆ సందుల్లోంచి దూరి సన్నగా కూసింది. తర్వాత అలల హోరు వచ్చింది. దానివెంట ఉప్పు వాసన వచ్చింది.

ఏరు ఆ హోరు వింది. పైకి లేవడం మానేసింది. నీళ్ల మీద కొట్టుకొస్తున్న ఆకులు, చెత్త ఉన్నచోటనే నిలబడ్డాయి. మేట మీదున్న జనంలో ఒక్కరు దగ్గలేదు. ముత్యాలయ్య గడప దగ్గర గునపమెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. ఆ గడపని నాకబోయిన నీళ్లు మెల్లిగా మెట్టు దిగాయి, వాకిలి దాటాయి, వీధి దాటాయి. పిలిస్తే లేచి వెళ్లినట్టు వెళ్లాయి.

తలుపు ఎవరూ ముట్టకుండా తెరుచుకుంది.

ఒక ఊరంత వెడల్పున్న ఏరు తనని తాను మడుచుకుంది. రెండు ఎడ్లు పక్కపక్కన పట్టేంత తలుపులోంచి, పై పట్టె తగలకుండా తల వంచి, పెద్దింటి ఆడబిడ్డ గడప దాటినట్టు దాటింది. పక్కన ఇసకలో ఒక్క రేణువు తడవలేదు. నీళ్లు నిలువెత్తున లేచి నడుస్తుంటే వాటిలోపల అన్నీ కనబడ్డాయి. ఎండు పొన్నాకులు, కొండల్లోంచి తెచ్చుకున్న ఎర్రమన్ను, ఎవరో పైఊళ్లలో వదిలిన దీపం దొన్నె ఇంకా ఆరకుండా, తెల్లటి చేపలు బారులు బారులుగా. క్రీస్తుదాసు "ప్రభువా" అన్నాడు. పక్కనున్న ఆనందకుమారి అతని చెయ్యి పట్టుకుంది. ఏరంతా అలా వాళ్ల ముందునించి నడిచిపోతుంటే, గునపాలు పట్టుకొచ్చినవాళ్లు అవి ఇసకలో గుచ్చి దండం పెట్టారు. పుట్టినప్పట్నించీ ఏటేటా చూస్తున్న ముసలివాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు.

తలుపు అవతల ఏరు ఒళ్లు విరుచుకుని పరుచుకుంది. సముద్రం రెండడుగులు ముందుకొచ్చి కలుపుకుంది. ఆఖరికి తలుపు తనే ఊడి, రెక్కలు రెండూ తెరుచుకుని, ఏటి వెంట పోయింది. ఏ ఏడాది తలుపైనా అంతే. ఎవరూ వెనక్కి లాగరు.

క్రీస్తుదాసు చేతిలో కంబళి పట్టీ ఒకటి మిగిలింది. చెంచయ్య దాన్ని లాక్కున్నాడు. "ఇట్టా ఇయ్యి. కొలిమి కాడ చెయ్యి తుడుచుకునేదానికి పనికొస్తది."

చావడిలో పీట ఎవరిది వాళ్లే చేసుకోవాలి. అతను చేసి తెచ్చిన పీట మీద నాగులమ్మ బొటనవేలు జరిపింది. ఈసారి ఆమె ఏమంటుందోనని క్రీస్తుదాసు ఆ వేలినే చూస్తున్నాడు. పలకల నడుమ సన్నటి సందు దగ్గర ఆమె వేలు ఆగింది.

"కూసో నాయనా," అంది.

అతను కూర్చున్నాడు. ఏటి రేవులోంచి ఆనందకుమారి గొంతు చావడి దాకా వినబడింది. దోసిట్లో ఏటినీళ్లు తీసి నోట్లో పోసుకుని, వీధిలో ఆడవాళ్లందరికీ కేకేస్తోంది.

"అమ్మా, ఉప్పొచ్చింది! మనేట్లోకి ఉప్పొచ్చింది!"