పడిపోయే ఉద్యోగం

పడబోయే ముందు దోన్క ఎప్పుడూ చేతిసంచిని కుడి భుజం మీంచి ఎడమ భుజానికి మార్చుకుంటుంది. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి, గోడ పట్టుకోబోయి జారినట్టు కనిపించాలి. ముందు మోకాలు, తర్వాత తుంటి, ఆఖరున భుజం. తల మాత్రం నేలకి తగలకూడదు. అప్పుడు సంచిలోంచి ఆపిల్ పళ్ళు దొర్లుకుంటూ పోవాలి. ఆ పొద్దున కూడా పరిశోధనాలయం నేలమాళిగలో, చిరిగిన పరుపు మీద, ఖాళీ సంచితో, అలవాటు ప్రకారం పడి లేచి, మళ్ళీ పడింది. యాభై దాటిన ఒళ్ళు. లేస్తుంటే మోకాలు కటుక్కుమంది.

"నోర్మూసుకోవే," అంది మోకాలితో, స్కర్టు దులుపుకుంటూ.

పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, ఇంట్లోనే రంగు వేసుకున్న ఎర్రటి జుట్టు, పాపిట దగ్గర తెలుపు. ఒకసారి చూస్తే గుర్తుండని ముఖం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు దిగాక చెప్పమంటే చెప్పలేరు. ఆ ముఖమే ఆమెకి ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది.

వయసులో ఉన్నప్పుడు ఇక్కడికి ఊడ్చే పనికి వచ్చింది. ఒకరోజు ఎవరో ప్రొఫెసరు ఆమె చేతిలో చీపురు తీసి గోడకి ఆనించి, "కాస్త ఆ వరసలో అడ్డంగా దూరి నిలబడతావా తల్లీ, ఎవరు తిడతారో చూద్దాం," అన్నాడు. దూరింది. తిట్లు పడ్డాయి. ప్రొఫెసరు గారికి ఆనందమైంది. చీపురు మళ్ళీ ఆమె చేతికి రాలేదు.

ఆ మూడంతస్తుల కట్టడంలో పరిశోధనకి పనికిరాని సంగతంటూ లేదు. కింది అంతస్తువాళ్ళకి వ్యాపారం కావాలి: అంగట్లో జనం చెయ్యి ఏ అరకి పోతుంది, పాట నెమ్మదిగా మోగితే బుట్ట ఎంత నిండుతుంది అని. నడిమి అంతస్తువాళ్ళకి యంత్రాలు కావాలి. తెర మీద బొమ్మ నవ్వితే మనిషి దాన్ని నమ్ముతాడా, పెట్టెలోంచి గొంతు వినిపిస్తే దానికి 'దయచేసి' అని చెబుతాడా అని అక్కడ తలలు పగలగొట్టుకుంటారు. పై అంతస్తువాళ్ళకి మనిషే కావాలి. ఎప్పుడు అబద్ధమాడతాడు, దేనికి సిగ్గుపడతాడు, కిందపడ్డవాణ్ణి ఎవరు లేపుతారు, ఎవరు దాటుకుపోతారు అన్నది వాళ్ళ గొడవ.

దోన్క మూడంతస్తులకీ పనికొచ్చింది. ఒకే రేగుపండు జామ్‌ని నాలుగు సీసాల్లోంచి నాకి, నాలుగోది అద్భుతం అంది. తలకి తీగలు చుట్టించుకుని మీటలు నొక్కింది. నత్తలా లెక్కపెట్టే దుకాణం మనిషయింది. లిఫ్టులో ఏడ్చింది. ఏడవడానికి ఉల్లిపాయ కూడా అక్కర్లేదామెకి. చివరికి మోకాళ్ళు అరిగే వయసులో పడటం దగ్గర స్థిరపడింది.

ఇంటి చుట్టుపక్కల ఎవరికీ ఈ సంగతి తెలియదు. బడిపంతులమ్మగా పనిచేసే కూతురికీ తెలియదు. 'ఆఫీసులో కాగితాల పని' అంటుంది. దెబ్బతిన్న ఆపిల్ పళ్ళని రోజూ సాయంత్రం కోసి, చక్కెర వేసి ఉడకబెడుతుంది. "ఎందుకమ్మా ఎప్పుడూ మచ్చల పళ్ళే కొంటావు?" అని కూతురు విసుక్కుంటే, "చవక కదే," అని సర్దేస్తుంది.

సిగ్గు లేక కాదు. నిరుడు ఒక పిల్ల, బక్కపలచటి పిల్ల, పడిన దోన్కని లేపి, బస్సు స్టాపు దాకా నడిపించి, తన చేతి తొడుగులు తీసి ఆమెకి తొడిగింది. ఆ తర్వాత పై గదిలో ఆ పిల్లకి ఇదంతా పరీక్ష అని నిజం చెప్పారు. చెప్పాలని నియమం. ఆ పిల్ల తొడుగులు వెనక్కి తీసుకుంటూ దోన్క కళ్ళలోకి చూసింది, అంతే. దోన్కకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఇంటికెళ్ళి పళ్ళు ఉడకబెట్టలేదు, చెత్తలో పారేసింది.

ఈ పనిలో లోపలివాళ్ళకి ఒక గుర్తు ఉంది. పడేవాళ్ళ మెడలో ఎర్ర ఉన్ని మఫ్లర్ ఉంటుంది. అది కనిపిస్తే కట్టడంలో పనిచేసేవాళ్ళెవరూ ఆగకూడదు, లేపకూడదు, తేరిపార చూడకూడదు. పరిశోధన పాడవుతుంది. బయటివాళ్ళకి ఈ సంగతి తెలియదు కనుకే పరిశోధన. వాకిట్లో కాపలా ఉండే మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరికీ అది కాళ్ళలో పట్టేసిన అలవాటు. ఎర్ర మఫ్లర్ కనబడితే నడక దానంతట అదే వేగం అందుకుంటుంది.

నేలమాళిగ మెట్లెక్కి వచ్చేసరికి కాపలా గదిలో నైదెన్ గిన్నెలో టీ పోస్తున్నాడు. ఆరడుగుల మనిషి, ఇప్పుడు కాస్త వంగాడు. పొగాకు రంగు మీసం. ఆయన భార్య బిసెర పొద్దున్నే చేసిచ్చిన జున్ను పొరల రొట్టె బనిత్సని ఎప్పట్లాగే రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క దోన్క వైపు తోశాడు. డాన్యూబ్ నది మీంచి వచ్చే గాలి కిటికీ సందుల్లోంచి ఈల వేస్తోంది. గదిలో హీటరు పేరుకే ఉంది.

"పడ్డావా?"

"మధ్యాహ్నం, అన్నా. బయటివాళ్ళని పిలిచారు."

"నీ ఎముకలకి దణ్ణం పెట్టాలే అమ్మాయ్." ఆయన నవ్వబోయి దగ్గాడు. "మీ డాక్టరమ్మ నన్నూ పడమంటోంది. ముసలాడు కావాలట ఆవిడకి."

దోన్క నమలడం ఆపింది. "నువ్వేమన్నావు?"

"నిలబడ్డానికే ఓపిక లేదు తల్లీ, పడ్డానికెక్కడిదీ అన్నాను. అయినా ఒంటితో అబద్ధమాడటం నాకు చేతకాదు. నోటితో అంటావా, బిసెరతో రోజూ ఆడతాను."

ఆయన ముఖం బూడిద రంగులో ఉంది. గిన్నె పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చలి అన్నాడు. దోన్క మెడలోంచి ఎర్ర మఫ్లర్ తీసి ఆయన మెడకి రెండు చుట్లు చుట్టి, చివరలు కోటు లోపలికి దోపింది.

"ఇదేంటే, నన్ను కూడా మీ నాటకంలో కలిపేస్తున్నావా?"

"వెచ్చగా ఉండు. పని మొదలయ్యే ముందు వచ్చి తీసుకుంటాలే."

విశ్వవిద్యాలయానికి సెమిస్టర్ల మధ్య సెలవులు. పిల్లలెవరూ లేరు. కట్టడంలో ఉన్నది లోపలివాళ్ళే.

మధ్యాహ్నం, ఈ పడే పరిశోధన నడిపే డాక్టర్ వెసెలా దోన్కని పై గదికి పిలిచింది. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, ఎప్పుడూ సగం తాగిన కాఫీ కప్పు పక్కన ఇంకో కప్పు ఉంటుంది. మంచిదే. పుట్టినరోజుకి దోన్కకి పువ్వులు తెచ్చిస్తుంది. అందుకే ఆవిడ మాట మరీ గుచ్చుకుంది.

"కూర్చో దోన్క పిన్నీ. ఏమీ అనుకోకు. పిల్లలకి నీ ముఖం తెలిసిపోయింది. సెలవులకి ముందు ఇద్దరు నిన్ను చూసి 'మళ్ళీ ఈ పిన్నేరా' అని నవ్వుకుంటూ పోయారు. కెమెరాలో విన్నాను."

"జుట్టు రంగు మారుస్తానమ్మా. కళ్ళజోడు పెడతాను."

"అలా కాదు పిన్నీ. నైదెన్‌ని అడిగాను. పెద్దవాడు, మంచి ఎత్తు, చూస్తే జాలేస్తుంది. కాదంటూనే ఉన్నాడు గానీ ఒప్పుకుంటాడనిపిస్తోంది. నీకు వేరే ఏదైనా చూద్దాం. జామ్ పరిశోధన మళ్ళీ మొదలెడతారంటున్నారు కింద."

జామ్! దోన్కకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు తుంటి విరగ్గొట్టుకుంది ఈ ముసలాడికి కుర్చీ వెయ్యడానికా? పొద్దున బనిత్స పెడుతూ ఎంత అమాయకంగా మాట్లాడాడు! ఒంటితో అబద్ధం చేతకాదట. సరే అనే ఉంటాడు లోలోపల. మంచిదమ్మా అని వెసెలాతో పైకి చెప్పి, దోన్క కింది పెదవి కొరుక్కుంటూ మఫ్లర్ కోసం బయల్దేరింది.

రెండో అంతస్తు మలుపులో, మెట్ల మీద, నైదెన్ పడి ఉన్నాడు.

గోడకి ఒక భుజం ఆనింది. ఒక కాలు కింద మడతపడింది. చేతి పక్కన తాళాల గుత్తి. మెడలో ఎర్ర మఫ్లర్. నడిమి అంతస్తు యంత్రాలాయన చంకలో పెట్టెతో నైదెన్ పక్కనుంచే దిగుతూ, దోన్కని చూసి కన్నుగీటాడు. దోన్క చూపు తిప్పుకుంది. తలుపు మీద బిగించిన కెమెరా ఎర్రదీపం వెలుగుతోంది.

ఓహో. అప్పుడే సాధన కూడా మొదలైందన్నమాట. పైగా నా మఫ్లర్‌తోనే!

ఇన్నేళ్ళ పనితనం ఆమె కళ్ళలో లేచి నిలబడింది. కాలు అలా మడుస్తారా ఎవరైనా? అలా పడితే రేపు లేవగలడా? చెమట ఒకటి, నుదుటి మీద. నీళ్ళు చల్లుకున్నట్టున్నాడు, అతితెలివి. నైదెన్ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెని చూశాయి. పెదాలు కదిలాయి.

"దోన్..."

ఆమె బూటు సర్దుకుంటున్నట్టు వంగింది. కెమెరాకి వీపు పెట్టి, పళ్ళ సందున అంది:

"చాల్లే అన్నా, అతి చెయ్యకు. కళ్ళు మూసుకో. పేర్లు పిలవకూడదని కూడా చెప్పలేదా ఆవిడ?"

అని లేచి, ఆయన చెయ్యి దాటి, కిందికి దిగిపోయింది. మఫ్లర్ అడగలేదు. ఉంచుకోనీ, ఇక ఆయనకే కదా కావాలి, అనుకుంది.

ఆమె కాపలా గది దగ్గరికి వచ్చేసరికి ఒక పల్లెటూరి ఆవిడ ఎదురైంది, తలకి రుమాలు, చేతిలో ఊరగాయ సీసాల సంచి. సెలవుల్లో కూడా హాస్టల్లోనే ఉండిపోయిన కూతురికి తెచ్చిందట, దారి తప్పి ఈ కట్టడంలోకి వచ్చింది. దోన్క పరాకుగా తల ఊపితే, అడిగేందుకు కాపలాదారు కూడా కనిపించక తనే మెట్లెక్కి పోయింది. కాసేపటికి పైన సీసాలు పగిలిన చప్పుడు, దాని వెనకే కేక.

"ఓరి దేవుడో! మనిషి చచ్చిపోతున్నాడు! ఎవరూ లేరా ఇక్కడ?"

దోన్క నవ్వుకుంది. పాపం, బయటి మనిషి. బాగానే పడింది వలలో. ఆ కేక మళ్ళీ వచ్చింది, ఈసారి ఏడుపుతో. అప్పుడు దోన్కకి నైదెన్ చెయ్యి గుర్తొచ్చింది. దాటుతున్నప్పుడు చూసిన చెయ్యి. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

నాటకం కోసం గోళ్ళకి నీలం ఎవరూ పూసుకోరు.

మోకాళ్ళు మరిచిపోయి మెట్లెక్కింది. పైనుంచి వెసెలా కూడా చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ పల్లెటూరి ఆవిడ నేల మీద కూర్చుని, మఫ్లర్ ఊడదీసి, మడిచి, నైదెన్ తల కింద పెట్టింది. మెట్ల నిండా ఊరేసిన మిరపకాయలు, వెనిగర్ వాసన. చుట్టూ తలుపులు తెరుచుకుంటున్నాయి, తలలు బయటికొస్తున్నాయి.

"ఇంతమంది ఉన్నారు కదరా! ఒక్కళ్ళకీ కనపడలేదా? మనుషులేనా మీరు?"

ఎవరో ఫోనుకేసి పరుగెత్తారు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ మీద ఎత్తుకుపోతుంటే యంత్రాలాయన పెట్టె గట్టిగా కావలించుకుని గోడకేసి నిలబడ్డాడు. జనం కదిలాక వెసెలా, దోన్క ఇద్దరే మిగిలారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

"తెర మీద చూస్తూనే ఉన్నాను పిన్నీ," అంది వెసెలా. "ఒప్పుకున్నాడనుకున్నాను. ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నాను."

"నేనూ," అంది దోన్క. కానీ అది సగమే. తనకి బాగా అనిపించలేదు, కుళ్ళు అనిపించింది. ఆ మాట చెప్పకుండా వంగి తాళాల గుత్తి ఏరింది.

ఆ మధ్యాహ్నం పరిశోధన ఆపేశారు. పిలిచినవాళ్ళని గుమ్మంలోంచే పంపేశారు. కాపలా గదిలో ఫోను మోగితే దోన్కే ఎత్తింది. ఆసుపత్రి నుంచి ఎవరో మెత్తటి గొంతుతో, దారిలోనే పోయాడని చెప్పారు. "సరే," అంది దోన్క. "చెబుతాను." ఫోను పెట్టేసి హీటరు మీటని అటూ ఇటూ తిప్పింది, ఎవరికి వెచ్చగా ఉండాలో తెలియకుండానే.

చీకటి పడుతుండగా బిసెర వచ్చింది. నల్ల కోటు బొత్తాలు ఒకటికి బదులు ఒకటి పెట్టుకుంది. ఏడవలేదు. ఆయన కళ్ళజోడు, టీ ఫ్లాస్కు, బనిత్స చుట్టిన గుడ్డ ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకుంది. గుడ్డలో పిండి రేకులు రాలితే అరచేతిలోకి ఊడ్చుకుంది.

"దోన్కవి నువ్వే కదూ? సగం నీకని చెప్పి రోజూ పెద్దది చెయ్యమనేవాడు." సంచి మూతి కట్టింది. "ఆ టైములో ఎవరైనా ఉన్నారా అమ్మా ఆయన దగ్గర?"

"నేనున్నాను."

"ఏమైనా అన్నాడా?"

"నా పేరు పిలిచాడు."

"మరి నువ్వేమన్నావు తల్లీ?"

ఇన్నేళ్ళలో దోన్క అబద్ధమాడని రోజు లేదు. అది జీతానికి ఆడిన అబద్ధం. ఇప్పుడు నోరు తెరిస్తే నిజం పడుతుందేమోనని భయమేసింది. పడితే బాగుండునని కూడా అనిపించింది. ఆ ముసలి ముఖం ఆమెకేసే చూస్తోంది, ఒక్క మాట పెట్టమన్నట్టు.

"భయపడకు అన్నాను."

బిసెర ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ కడుపు చల్లగా ఉండాలమ్మా. ఒంటరిగా పోలేదు, అది చాలు నాకు." ఆ చేతులు వెనక్కి లాక్కోవడానికి దోన్కకి ముఖం చెల్లలేదు. అక్కడికక్కడ నేల చీలి తనని మింగేస్తే బాగుండునని నిలబడింది. ఎంత సిగ్గుపడినా మనిషి నిలబడే ఉంటాడు, పడిపోడు. ఆ సంగతి పై అంతస్తులో ఇంకా ఎవరూ కనుక్కోలేదు.

వెళ్ళబోతూ బిసెర కుర్చీ వీపు మీంచి దేన్నో ఎత్తింది. ఎవరో మెట్ల మీంచి తెచ్చి అక్కడ వేశారు.

"ఇది ఆయనది కాదే. నీదా?"

దోన్క సంచిని కుడి భుజం మీంచి ఎడమ భుజానికి మార్చుకుంది. లోపల ఆపిల్ పళ్ళు ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి.

"కాదు," అంది.

"సరేలే, ఎవరిదో వాళ్ళే వచ్చి తీసుకుంటారు," అని బిసెర దాన్ని జాగ్రత్తగా దులిపి, తాళాలు వేలాడేసే మేకుకి తగిలించి, దీపం ఆర్పకుండా వెళ్ళిపోయింది.

దోన్క కూడా వెళ్ళిపోయాక ఆ గదిలో మిగిలింది ఎర్ర మఫ్లర్ ఒక్కటే. వెనిగర్‌తో తడిసిన దాని చివర హీటరుకేసి వేలాడుతూ ఆరుతోంది.