గట్టినేల రంగు

కొడుకు ముఖం కడుక్కునేలోపు తలుపు మూలనున్న వెదురుగడను ఆమె మరోసారి తడిమి చూసుకుంది. నిన్నటి బురద మోకాటి ఎత్తున ఎండిపోయి ఉంది. ఫరవాలేదు. మోకాలు దాటిందంటే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. చిత్తడినేలలో గడ దించి చూశాకే అడుగు వేయడం కొలతగొలుసు లాగేవాళ్ల పద్ధతి. ఆమె కొడుకుది ఆ పనే. పొడుగుకాళ్లవాడని అందరూ కొంగ అంటారు.

"గడ మరిచిపోతున్నావురా!"

"ఇవాళ అక్కర్లేదమ్మా. సరస్సు పడమటి ఒడ్డున హద్దురాళ్లు పాతాలి. పటంలో అదంతా గట్టినేలే. రంగు వేసింది నువ్వేగా?"

"వేశాననుకో... వానలు పడ్డాయి కదరా."

"పిడుగంటావు, పామంటావు. నన్ను ఉట్టిలో పెట్టి వేలాడదీసుకో, పీడా పోతుంది."

"నోట్లో మంచి మాటే రాదు వెధవకి!" అని నవ్వేసింది.

పటాల కార్యాలయంలో ఆమెది రంగులు వేసే పని. నీటికి నీలం, చిత్తడికి నీలిగీతల గడ్డి గుర్తు, గట్టినేలకు లేత గోధుమరంగు. పడమటి ఒడ్డును కొలిచింది నడివేసవిలో, నేల నెర్రెలిచ్చి ఉన్నప్పుడు. రంగు వేసేనాడు ఆమె కుంచె ఆగింది.

"వానాకాలం అక్కడ నీళ్లు నిలుస్తాయేమోనండీ."

"నీ భయానికి ఊరంతా నీలం పూయమంటావా ఏమ్మా?" అన్నాడు పెద్దగుమాస్తా. గదంతా గొల్లున నవ్వింది. పిరికిదన్న పేరు ఎలాగూ ఉంది, మొండిదన్న పేరు కూడా ఎందుకని గోధుమరంగే పూసింది. తుమ్మినా దగ్గినా హడలిపోయే మనిషి, తన చేత్తో వేసిన రంగును మాత్రం నమ్మింది.

ఇవాళ పొద్దు వాలుతుండగా కొడుకు జట్టు గొలుసుమేస్త్రి వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె చూపు ముందు అతని ముఖం మీదకు పోలేదు. బురద ఎంత ఎత్తుందో చూసింది. చంకల దాకా ఉంది.

"పైన పచ్చిక చూసి నేలే అనుకున్నాం వదినా. వాడే ముందు నడిచాడు. చెయ్యి అందించాను... అందలేదు."

పెద్దగుమాస్తా అరలోంచి ఆ పటం తీసి బల్ల మీద పరిచాడు.

"దీన్ని సరిచేయాలి," అన్నాడు మెల్లగా. "నువ్వే చేయనక్కర్లేదులే అమ్మా. ఇంకొకరి చేత వేయిస్తాను."

ఎవరో ఇంటిదాకా దిగబెట్టారు. తలుపు తీసింది. మూలన వెదురుగడ ఉంది, దాని మీద నిన్నటి బురద మోకాటి ఎత్తునే ఆగిపోయి ఉంది.