ముందే ఉన్న రోగం

పొద్దున ఐదింటికి వచ్చే బొగ్గు కంపెనీ నల్లా ఆరింటికల్లా ఆగిపోయేది. ఆ గంటలో మా క్వార్టర్‌కు నీళ్లన్నీ పట్టేది సారిక. నా మరిది యేసుకుమార్ భార్య. నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఏడున్నరకు టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరితే, అందులో ఏ కూర ఉందో మధ్యాహ్నం మూత తీసేదాకా తెలిసేది కాదు. నా ఉద్యోగం నా చదువు వల్ల వచ్చిందనే గర్వం ఉండేది. ఇంట్లో ఇంకో ఆడది నడుము వంచితేనే ఆ ఉద్యోగం నిలబడుతోందని ఒక్కనాడూ తోచలేదు.

2006లో చికున్‌గున్యా వచ్చింది. కాలనీ అంతా కుంటుతూ నడిచింది. బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయన శాంతిరాజ్, మరిది సిక్ లీవు పెట్టి మూడు వారాలు మంచాలు దిగలేదు. మా అత్త యేసమ్మ కొడుకుల కాళ్లు పిసుకుతూ, "బాయిల దిగే పాణాలు, వాళ్లకు రెస్టు గావాలె. మనం నీడపట్టున ఉండేటోళ్లం, మనకేంది?" అనేది. ఆ మాట నాకూ ఒంటబట్టిందేమో. నాకూ సారికకూ కూడా జ్వరం వచ్చింది. నాలుగో రోజు నేను మాత్ర వేసుకుని స్కూలుకు తయారయ్యాను. పోయేముందు సారికను తట్టాను. ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది.

"లే సారికా. నాకు జరం రాలేదా, నేను పోతలేనా? ఇంకెన్ని దినాలు పండుకుంటవ్?"

గోడ పట్టుకుని లేచింది. "అక్క, గుండెల ఏందో దడదడ అంటున్నది" అంది.

"నీరసం. నిమ్మకాయ నీళ్లు తాగు" అని చెప్పులేసుకున్నాను.

తర్వాత పది రోజులు ఆమె బకెట్ మోస్తూ మధ్యలో కూలబడడం చూశాను. పడుకుంటే ఊపిరాడడం లేదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం చూశాను. "గ్యాసు" అన్నాడు యేసుకుమార్. "పని దొంగ" అంది అత్త. నేను డబ్బా పట్టుకుని స్కూలుకు పోయాను. ఒకరోజు మధ్యాహ్నం బట్టలు ఉతికే బండ దగ్గర పడిపోయిందని స్కూలుకు ఫోన్ వచ్చింది. కరీంనగర్ తీసుకుపోయాం.

స్కానింగ్ చేసిన డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "పాత గుండెజబ్బు ఆనవాళ్లేమీ లేవు. వైరస్ గుండె కండరంలోకి చేరింది. దాన్ని చంపడానికి ఒంట్లోని రక్షణ కణాలు వచ్చాయి. వైరస్‌తో పాటు అది పట్టిన కండరాన్నీ దెబ్బతీశాయి. కొందరిలో వైరస్ పోయాక కూడా అవి ఆగవు, సొంత గుండెనే శత్రువు అనుకుంటాయి. బయట జ్వరం తగ్గినా లోపల వాపు ఉంటుంది. అప్పుడు కష్టమైన పని చేస్తే ఇంకా ప్రమాదం. ఈమె విశ్రాంతి తీసుకుందా?"

"పదిహేను దినాలు పండుకున్నది మేడం" అన్నాడు యేసుకుమార్, తడుముకోకుండా.

తెల్ల రక్తకణాలు మన సైనికులని ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఆ సైనికులే ఇల్లు కూలుస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. తెలియకపోవడం వేరు. తెలిసిన నిజాన్ని మింగడం వేరు. మరిది అబద్ధం చెప్పాడని నాకు తెలుసు. బల్ల మీది కాగితాలు చూస్తూ కూర్చున్నాను.

సారిక బతికింది. గుండె బలం సగానికి పడిపోయింది. బరువులు ఎత్తకూడదన్నారు, పిల్లల సంగతి ఇప్పట్లో తలపెట్టవద్దన్నారు. తండ్రి యోనా వచ్చి తమ ఊరు రామకృష్ణాపూర్ తీసుకుపోయాడు. నెల తిరగకముందే మా ఇంట్లో కొత్త మాట పుట్టింది. "రోగం పెండ్లికి ముందే ఉన్నది, దాసిపెట్టి అంటగట్టిన్రు." అన్నం తింటూ యేసుకుమార్ అనేవాడు. అత్త చర్చి వాకిట్లో అందరికీ చెప్పేది. నేను చారు పోస్తూ విన్నాను.

నాలుగు నెలలకు, విడిపోవడం గురించి మాట్లాడడానికి చర్చి సంఘ పెద్దలు యోనా ఇంట్లో కూర్చున్నారు. నన్నెవరూ పిలవలేదు. బస్సెక్కేటప్పుడు అత్తకు ఆసరాగా ఉంటానని వెంట వెళ్లాను.

"నా బిడ్డ పెండ్లికి ముందు గడ్డిమోపులు మోసింది. రోగముంటే ఎట్ల మోస్తది?" అన్నాడు యోనా. ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసిన మనిషి, తల దించుకుని అడుగుతున్నాడు.

"గట్లయితె మా కోడలు రెజీనాను అడుగున్రి, సైన్సు టీచరు" అంది అత్త ధీమాగా.

నేను లేచి నిలబడ్డాను.

"కాక, నీ బిడ్డకు ముందు ఏ రోగం లేకుండె. జరంల వచ్చింది. జరాన్ని కొట్టే బలమే గుండెను గూడ కొట్టిందని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు పండుకోవాలె. మేం పండుకోనియ్యలే. నాలుగో దినం నేనే లేపి పనికి పెట్టిన. దవాఖానల మరిది అబద్ధం చెప్తుంటె ఇనుకుంట కూసున్న."

"వదినా! నీకు పిచ్చి లేసిందా?" యేసుకుమార్ అరిచాడు. అత్త నా మొహం చూడలేదు.

పెద్దలు గుసగుసలాడుకుని, కాపురానికి తీసుకుపొమ్మని యేసుకుమార్‌కు తీర్పు చెప్పారు. అప్పుడు సారిక లోపలి గదిలోంచి నెమ్మదిగా వచ్చి తలుపు పట్టుకుంది.

"నేను రాను. మా నాయిన అబద్ధమాడలేదని తేలింది. నాకు గంతే కావాలె" అంది.

మావాళ్లంతా బస్టాండుకు నడిచారు. నేను గేటు దగ్గర ఆగాను. సారిక అక్కడిదాకా వచ్చింది.

"గీ మాట డాక్టరమ్మ ముంగట చెప్తే అయిపోవు గద అక్క. నాలుగు నెలలాయె, మా నాయిన సిగ్గుతోని చర్చికే పోతలేడు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. నాలుగడుగులు నడిచినందుకే ఆయాసపడుతూ, నేనేమంటానో అని ఆమె ఓపిగ్గా నిలబడింది. ఇన్నేళ్లూ ఏది అడిగినా చేసింది. ఇదీ చేసేదేమో. నన్ను క్షమించడం కూడా నేను ఆమెకు అప్పజెప్పే ఇంకో పనే అనిపించింది.

అడగకుండానే బస్సెక్కాను.