నర్సరీ పేజీలో కార్డు నంబరు గడి

నేను ఒక గడిని. కడియం దగ్గరి ఒక నర్సరీ వెబ్ పేజీలో, డబ్బు కట్టే చోట, 'కార్డు నంబరు' అన్న మాట కింద ఉండేదాన్ని. మొక్కలు కొనేవాళ్లు నాలో అంకెలు కొట్టేవారు. పేజీ పైన తాళం బొమ్మ చూసి ధైర్యం తెచ్చుకునేవారు. ఆ తాళం దారిలో దొంగల్ని ఆపుతుంది. దొంగ ఇంట్లోనే ఉంటే దానికి పట్టదు. నాకు తెలిసీ ఊరుకున్నాను.

నాకు ముందు అక్కడ వేరే గడి ఉండేది. చెల్లింపుల కంపెనీ పంపినది. చూడ్డానికి నర్సరీ పేజీలో భాగంలాగే ఉండేది గాని, నిజానికి అది కంపెనీ కిటికీ. అందులో కొట్టిన నంబరు నేరుగా కంపెనీకి పోయేది. నర్సరీ పేజీలోని ఏ ప్రోగ్రాముకూ కనిపించేది కాదు. కాకపోతే తెల్లగా ఉండేది.

నర్సరీ యజమాని తాతాజీగారికి ఆ తెలుపు గిట్టలేదు.

"పేజీ అంతా పచ్చగా ఉంటే మధ్యలో ఈ ముక్కేంటండీ? పెళ్లి పందిట్లో ఆసుపత్రి దుప్పటి ఆరేసినట్టు!"

"రంగు మార్చొచ్చండీ. కంపెనీవాళ్లకి రాయాలి. వారం పడుద్ది" అన్నాడు పేజీ తయారుచేసిన ఎబినేజర్.

"వారమా? ఆరుద్ర కార్తె వచ్చేసిందండీ బాబూ! మొక్కలు అమ్ముడుపోయేది ఇప్పుడే కదండీ."

ఎబినేజర్ ఆ గడిని తీసేసి, నన్ను పచ్చగా చేసి పెట్టాడు. ఇప్పుడు నంబరు ముందు నర్సరీ పేజీ చేతికి వచ్చి, తర్వాత కంపెనీకి పోతుంది. తాతాజీగారు కళ్లజోడు సవరించుకుని, "ఇదీ గడంటే" అన్నారు. నేను పొంగిపోయాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

తర్వాత పేజీ మీద పూలు రాలాలన్నారు. ఎబినేజర్ ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామును తగిలించాడు. మందారాలు రాలాయి. ఎవరైనా పేజీ తెరిచిన ప్రతిసారీ అది తన సొంత చోటు నుంచి, అంటే దాన్ని తయారుచేసినవాళ్ల కంప్యూటరు నుంచి, దిగి వచ్చేది. అక్కడ ఎవరో దొంగలు దాన్ని మార్చేశారు. అప్పట్నుంచి పూలు రాలుస్తూనే, నాలో ఏముందని అడిగేది. ఒకే పేజీలో ఉన్నవాళ్లకు దాచడం నాకు చేతకాదు. ఇచ్చేశాను. పక్క గడి కార్డు వెనకవైపు అంకెలు ఇచ్చింది.

అలా ఇచ్చినవాటిలో అసిరితల్లి నంబరు ఒకటి. ఆమె బొబ్బిలి వైపు ఒక పల్లెలో మహిళా సంఘం లీడరు. సంఘం బంజరులో వేయడానికి జీడిమామిడి అంట్లు కొంటోంది.

"అంకెలన్నీ సరిగ్గా కొట్టినావేటే?" అంది పక్కనున్న రామలచ్చిమి.

"కొట్టినానే. తాళంబొమ్మ ఉంది సూడు, మరి బయం నేదు."

ఆ కార్డు ఖాతాలో ఉన్నది సంఘం డబ్బు. కూలిలో మిగుల్చుకుని అందరూ వేసినది. ఓటీపీ అడగని ఏదో విదేశీ దుకాణంలో ఆ నంబరు వాడి, ఆ వారంలోనే ఎవరో దాన్ని ఊడ్చేశారు. అసిరితల్లే వాడుకుందన్నారు సంఘంలోవాళ్లు. ముందుగా అన్నది రామలచ్చిమి.

అసిరితల్లి నర్సరీకి ఫోన్ చేసి, అక్కడ కొన్నాకే డబ్బు పోయిందని, తనని దొంగంటున్నారని చెప్పింది. "మా దగ్గర అలాంటివి జరగవండీ" అని తాతాజీగారు పెట్టేశారు. అది అబద్ధమని ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

మరికొందరు కూడా అదే మాట చెప్పడంతో ఎబినేజర్ పేజీ విప్పి చూశాడు. ప్రోగ్రాము దొరికింది. దాన్ని తీసేశాడు. నన్నూ తీసేసి తెల్ల గడిని మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత తాతాజీగారిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు.

"బయటికి పొక్కితే కడియంలో మన మొక్క ఎవడు కొంటాడండీ?"

"ఫోన్ చేసిన ఆ సంఘం ఆవిడ్ని దొంగంటున్నారంటండీ" అన్నాడు ఎబినేజర్. "రంగు మీరడిగారు. గడి నేను మార్చాను. ఆవిడేం చేసిందండీ?"

తాతాజీగారు టేబులు మీది మట్టి దులిపారు. తర్వాత తనే అసిరితల్లికి ఫోన్ కలిపారు. అవతల సంఘం మీటింగు జరుగుతోంది. అసిరితల్లి స్పీకరు పెట్టింది.

"తప్పు మా పేజీదండీ. మీ నంబరు మా దగ్గరే పోయింది. మీరేం చేయలేదు. బ్యాంకుకీ, పోలీసులకీ రాసిస్తామండీ."

అవతల నుంచి అసిరితల్లి గొంతు వచ్చింది.

"బావూ, ఆ మాట ఇంకోపాలి గట్టిగా సెప్పండి. మా రామలచ్చిమికి ఇనబడనేదట."

తాతాజీగారు ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ చెప్పారు.

డబ్బు తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు. నేనిప్పుడు ఎబినేజర్ పాత ఫైళ్లలో ఉన్నాను. ఇక్కడ నాలో ఎవరూ ఏమీ రాయరు. అదే నయం.