కాలవ మట్టి

నా నోరు మంచిది కాదని మా వీధంతా అంటారు. అననీ. వాన పడిన ప్రతి పొద్దునా పెరట్లో ఆకుపచ్చ గుడ్డ ముక్క కోసం వెతుక్కునే ఆడదానికి నోరు మంచిగా ఎట్టుంటుంది?

మా ఇల్లు ఇసుక దిబ్బ మీద ఉంది. వెనక పెరడు ఏటవాలుగా దిగి దిగి కాలవలో కలుస్తుంది. ఆ పెరట్లోనే యాడో నా బిడ్డ ఉంది. పద్దెనిమిదేళ్ల కిందట గూడూరు ఆస్పత్రిలో ఊపిరి లేకుండా పుట్టింది. పేరు పెట్టని బిడ్డని మా వాళ్లు సమాధుల తోటకి తీసకపోరు. పెరట్లోనే పెడతారు, తల్లికి చోటు చూపించరు. చూపిస్తే ఆడే కూర్చుని ఏడుస్తుందంట. మా అత్త ఆనందకుమారి తన ఆకుపచ్చ చీర చింపి బిడ్డకి చుట్టి, పార తీసుకుని ఒక్కతే పోయింది. "యాడ పెట్టినావత్తా?" అని ఎన్నిసార్లు అడిగినా బెల్లం కొట్టిన రాయిలా ఉంటుంది. ఇన్నేళ్లకి గుడ్డ మిగలదని నాకూ తెలుసు. అయినా వెతుకుతా.

అత్తకి ఇంకో పిచ్చి. ఎండాకాలం కాలవ ఎండితే చాలు, పొద్దున్నే తట్ట ఎత్తుకుని దిగి, అడుగునున్న ఒండ్రు తవ్వి మోసుకొచ్చి పెరట్లో పోస్తుంది. "వానొస్తే మళ్లీ ఆడికే గదత్తా పోయేది! పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట నీలాంటోడే" అని తిడతా. తట్ట దులుపుకుని మళ్లీ దిగుతుంది. డెబ్బై దాటినా మానలేదు.

వాలు మీద సరుగుడు చెట్లున్నన్నాళ్లు నాకు దిగుల్లేదు. వాటి వేళ్లు మట్టిని పట్టుకుని ఉండేవి. మూడేళ్ల కిందట మా ఆయన హెబ్రోను వాటిని కొట్టించేసినాడు. "తుఫానుకి ఇంటి మీద పడతాయి మే" అన్నాడు. పడితే పడేది ఇల్లే గదయ్యా! మొదళ్లు కుళ్లినాయి, మట్టి వదులైంది, వాలంతా గండ్లు పడినాయి. వాన నీళ్లు ఆ గండ్లలో పడి దిగుతుంటే అచ్చం చంటిబిడ్డ ఏడ్చినట్టే ఉంటుంది. హెబ్రోనుకి వినపడదు. నాకు వినపడుతుంది.

ఈ ఏడు మొదటి వాన వెలిసిన పొద్దున గండిలో ఆకుపచ్చగా ఏందో కనపడింది. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. మోకాళ్ల మీద పడి చేతుల్తో తవ్వి లాగితే, రొయ్యల గుంటల మీద కట్టే వల ముక్క. అక్కడే కూలబడి నవ్వినానో ఏడ్చినానో నాకే తెలీదు.

ఇంక ఊరుకోలేదు. వట్టివేరు పిలకలు రెండు బస్తాలు తెప్పించినా. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టే, కాదనను. వాలుకి అడ్డంగా జానెడు లోతు తవ్వి, పిలకలు పక్కపక్కనే ఒత్తుగా నాటాలి. అట్టాంటి వరసలు కిందికంటా వెయ్యాలి. వేళ్లు నిలువునా దిగి మట్టిని పట్టుకుంటాయి, జారొచ్చిన మన్ను వరస వెనక ఆగిపోతుంది. గునపం ఎత్తినా. ఎత్తినదాన్ని దించలేకపోయినా. దించిన చోటే నా బిడ్డ ఉంటే?

పోయి అరుగు మీద కూర్చున్న అత్త ముందర గునపం విసిరికొట్టినా.

"ఈ పొద్దు చెప్పాల్సిందే. చెప్పకపోతే నేను తవ్వలేను. తవ్వకపోతే ఈ వానలకి పెరడు కాలవలో కలుస్తుంది. నా బిడ్డ పోతుందత్తా!"

అత్త నా కాళ్లకంటిన బురదని చూసింది.

"పోయింది మే ఫేబీ" అనింది.

"ఏంది?"

"ఆ ఏడే పోయింది. కింద కాలవ ఒడ్డున మన్ను మెత్తగా ఉందని ఆడ పెట్టినా. నెల తిరక్కుండానే తుఫానొచ్చె. నువ్వు పచ్చి బాలింతవి, మీ అమ్మోళ్లింట్లో ఉండావు. తెల్లారి పోయి చూస్తే ఆ ఒడ్డే లేదు. నీకెట్టా చెప్పేది?"

పద్దెనిమిదేళ్లు! నేను బురదలో దేవులాడుతుంటే ఈ మనిషి అరుగు మీద కూర్చుని చూసింది. గొంతు పిసకాలన్నంత కోపమొచ్చింది, ప్రభువు క్షమించాలి.

"మరి ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఏం చేసినావు?" అని అరిచినా.

"మోసినా."

"ఏం మోసినావు?"

"మన్ను. కాలవలో పడిన మన్ను యాడికి పోతాది? అడుగునే గదా ఉండేది. అందుకే ఏడాదేడాదీ తెచ్చి పోసినా. ఏ తట్టలో వచ్చిందో, అసలొచ్చిందో లేదో నాకూ తెలీదు." కాయలు కాసిన అరచేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడు పెరట్లో ఆ బిడ్డ లేని చోటు యాడుందని చెప్పేది నీకు?"

నేను గునపం తీసుకోలేదు. చెప్పులు విడిచి దిగి, చేతుల్తోనే మన్ను తీస్తా వచ్చినా. అత్త పాకతా పాకతా వచ్చి వాలు పైన కూర్చుని పిలకలు అందించింది.

ఆ నెలంతా వానలు దంచినాయి. నీళ్లు ఏడుస్తానే దిగినాయి, మన్ను మాత్రం వరసల వెనక ఆగింది. ఏ పొద్దునా నేను గుడ్డ కోసం వెతకలేదు.

ఎండాకాలానికి అత్త మంచాన పడింది. కాలవ ఎండగానే తట్ట నేనెత్తుకున్నా. మొదటి తట్ట పెరట్లోకి తెచ్చినాక పొయ్యబుద్ధి కాలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.

కిటికీలోంచి అత్త చూస్తానే ఉంది.

"బరువుందా మే?" అనింది.

"లేదత్తా" అన్నా.