మూడో తెర

“అమ్మాయ్, మళ్ళీ గిర్రున తిరుగుతోందే!”

ముందుగదిలోంచి అత్తగారి కేక వినపడగానే ఆమె ఫోన్లో ఆడుతున్న బొమ్మను ఆపి, ఫోన్ని పిండి డబ్బా వెనక్కి తోసేసింది. చెవిలోని వైరు లాగి సొరుగులో పడేసింది. చేతులు తడిగా లేకపోయినా తువ్వాలుతో తుడుచుకుంటూ నడిచింది. పనిలోంచి లేచి వస్తున్నట్టు కనపడటానికి ఈమధ్యే నేర్చుకున్న విద్య అది.

టీవీలో తెల్లటి సున్నా ఒకటి తన చుట్టూ తానే తిరిగి తిరిగి, చివరికి బూడిదరంగు పలక మీద రెండు వరుసల ఇంగ్లీషు అక్షరాలు వదిలి మాయమైంది. మీ ఖాతాకు అనుమతి ఉన్నన్ని తెరలూ ఇప్పటికే వాడుకలో ఉన్నాయి, ఏదో ఒకటి ఆపి మళ్ళీ ప్రయత్నించండి, అని దాని సారాంశం. కంటి ఆపరేషనయ్యాక అత్తగారికి అంత చిన్న అక్షరాలు ఆనవు. ఆవిడకి కనపడేది బూడిదరంగు ఒక్కటే.

“ఏమంటోందే?”

“ఏం లేదత్తయ్యా, సిగ్నల్ సరిగ్గా రావట్లేదట. ఒక్క నిమిషం.”

మొదటిరోజు ఈ అబద్ధం గొంతులో ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు నున్నగా జారిపోతోంది. ఆమె ఇంటర్నెట్ పెట్టె ప్లగ్గు పీకి, పైకే ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చింది. నిజానికి ఆ పెట్టెకి ఏ రోగమూ లేదు. వంటింట్లో ఒక ఫోను ఆగిందన్న సంగతి ఎక్కడో ఉన్న కంపెనీవాళ్ళ యంత్రానికి తెలియడానికి అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం గడవడానికే ఈ తతంగమంతా. బొమ్మ వచ్చేసింది.

“నీ చెయ్యి పడితే చాలు, చచ్చినట్టు దారికొస్తుంది!” అని అత్తగారు మనసారా నవ్వింది. విరిగిన తుంటి ఇంకా పూర్తిగా అతకలేదు. నాలుగు కాళ్ళ ఊతకర్రతో మంచం నుంచి కుర్చీకీ, కుర్చీ నుంచి మంచానికీ, అంతే ఆవిడ లోకం. మధ్యాహ్నం రెండింటికి ఈ సీరియల్ ఒక్కటే ఆవిడకి బయటి గాలి. ఆ గాలికి తనే అడ్డం పడుతోంది. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలి, ఆమె తల వంచుకుని వంటింట్లోకి వచ్చేసింది.

ఇంట్లో తీగ ఉన్న ప్రతి వస్తువూ ఆమె శాఖే. నీళ్ళ మోటారు మొరాయించినా, కూతురి ట్యాబు వేడెక్కినా, భర్త ఫోన్లో అక్షరాలు చిన్నవైపోయినా పిలుపు ఆమెకే. “మా ఇంటి మెకానిక్కు” అని చుట్టాల ముందు భర్త మురిపెంగానే అంటాడు. ఆ వెనకే, “నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాస్త చూడు” అనేది కూడా అతనే. కాలేజీలో ఫిజిక్సు చదివింది ఆమె. లోపం వెతకడమంటే అనుమానితుల్ని ఒక్కొక్కర్నీ వరసగా వదిలేసుకుంటూ పోవడం అని ల్యాబులో మేడమ్ చెప్పిన మాట ఇంకా గుర్తుంది. ఈ సినిమాల సర్వీసు ఇంట్లోకి వచ్చినప్పుడు ఖాతా తెరిచిందీ, ఒక్కొక్కరికీ పేరు పెట్టి బొమ్మ ఎంచిందీ ఆమే. భర్తకి సింహం, అత్తగారికి గులాబీ, కూతురికి కుందేలు. తన దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగాయి. ఇప్పటికీ ఆమె చూసేది ‘అతిథి’ అన్న ఖాళీ గుండ్రటి ముఖంలోంచే. చూశాక, ఏం చూసిందో ఆ జాబితా కూడా చెరిపేస్తుంది.

చూసేది చదువుకి సంబంధించిందైతే ఇంత బాధ ఉండేది కాదు. ఏ ట్రైనింగో, ఏ పరీక్ష పాఠాలో అయితే నలుగురికీ చెప్పుకోవచ్చు, ఎదురు మెప్పు కూడా దక్కవచ్చు. ఆమె చూసేది ఉత్త కథ. సముద్రం మధ్య రాతిగుట్ట మీద దీపస్తంభం చూసుకునే ఒంటరి స్త్రీ కథ. ఏ దేశం వాళ్ళు తీశారో, అరవై రెండు భాగాలు. పెద్దగా ఏమీ జరగదు. ఆవిడ దీపం అద్దం తుడుస్తుంది, టీ కాచుకుంటుంది, పడవ వస్తే ఉత్తరాలు తీసుకుంటుంది. ఆ కథలో ఎవరూ పక్కగదిలోంచి ఎవర్నీ పిలవరు. ఆ ఒక్క కారణానికే ఆమె దాన్ని వదల్లేకపోతోంది. గిన్నెలు తోమి, అత్తగారికి మాత్రలిచ్చి, వంటింటి గట్టు తుడిచేసరికి ఒంటిగంట ముప్పావు. కూతురు బడి నుంచి మూడింటికల్లా వచ్చేస్తుంది. ఆ మధ్యలోనే తనకి దొరికేది ఏదైనా. రోజూ అనుకుంటుంది, ఇవాళ రెండు కొట్టడానికి ముందే ఆపేద్దామని. రోజూ దాటిపోతుంది. ఒకరోజైతే పడవ ఒడ్డుకి చేరుతోందని, “వస్తున్నా అత్తయ్యా” అంటూనే పదకొండు నిమిషాలు కదల్లేదు. ఆ పదకొండు నిమిషాలూ కదల్లేని మనిషి ఒకావిడ బూడిదరంగు పలక చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి ఆమెకి అన్నం సహించలేదు.

అంతకుముందు ఫోనూ టీవీ రెండూ హాయిగా ఆడేవి. ఇరవై రోజుల కిందట మొదలైంది ఈ గొడవ. కంపెనీవాళ్ళు తెరల లెక్క తగ్గించి ఒక్కదానికి కుదించారేమో అనుకుంది. తన ఫోను ఆపగానే టీవీ వస్తోంది కదా, ఇంకేం కావాలి రుజువు?

ఇవాళ సాయంత్రం అత్తగారు కొడుకుతో మాటవరసకి అంది. “ఆ టీవీ రోజూ పేచీ పెడుతోందిరా. పాపం ఈ పిల్ల పనులు మానుకుని బాగుచేస్తోంది.”

అతను బూట్లు విప్పుతూ తలెత్తలేదు. “దానంతట అది ఎందుకు పెడుతుందమ్మా? నువ్వే ఏదో ఒకటి నొక్కుతున్నావు.”

“నేనేం నొక్కుతానురా, ఆన్ చేసి గులాబీ మీద నొక్కడమేగా.”

“వయసు మీద పడ్డాక చేతులు వణుకుతాయి, నీకే తెలీదు. ఏమోయ్, ఆ నల్లటేపూ కత్తెరా పట్రా.”

ఆమె తెచ్చింది. తెచ్చి ఊరుకోలేదు, అతను కొలత చెబుతుంటే టేపు ముక్కలు కత్తిరించి ఒక్కొక్కటే అందించింది. రిమోటు మీద మీటలన్నీ నల్లటి టేపు కిందికి పోయాయి. మిగిలినవి రెండే, ఒకటి ఎర్రది, ఒకటి మధ్యలోది. “ఇప్పుడు నొక్కు చూద్దాం ఎలా పాడుచేస్తావో!” అని నవ్వుతూ తల్లి ఒళ్ళో పెట్టాడు. అత్తగారు ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో టైపిస్టు. నాలుగు కార్బన్లు పెట్టి కొట్టినా ఒక్క తప్పక్షరం పడేది కాదని, పైఅధికారులు తన కాగితం సరిచూడకుండానే సంతకం పెట్టేవారని, తన గురించి తాను గొప్ప చెప్పుకునేది ఆ ఒక్క విషయంలోనే. ఆవిడ రిమోటు వంక చూడలేదు. తన వేళ్ళ వంక చూసుకుంది. పదీ చాచి, వణుకుతున్నాయా అని కాసేపు అలాగే పట్టుకుంది. అవి వణకడం లేదు. తప్పు ఆ వేళ్ళది కాదన్న సంగతి ఆ గదిలో తెలిసింది కోడలికి మాత్రమే, కత్తెర పట్టుకుని నిలబడి కూడా నోరు విప్పలేదు.

మర్నాడు రెండయింది. పిలుపు రాలేదు. రెండుంపావు అయింది. ఆమె వెళ్ళి చూస్తే అత్తగారు ఆరిపోయిన టీవీ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“పెట్టనా అత్తయ్యా?”

“వద్దులే. నా చెయ్యి పడిందంటే ఏదో ఒకటి తగలడుతుంది. మళ్ళీ నీకు పని.”

వంటింట్లోకి తిరిగొచ్చి ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ఇవాళ అడ్డు లేదు. దీపస్తంభం, సముద్రం, అన్నీ తనవే, కావలసినంతసేపు. ఫోన్ తీసింది గానీ వేలు ఆ బొమ్మ మీద పడలేదు. ఒక మనిషికున్న ఒక్క కిటికీ మూసి, తన కిటికీ తెరుచుకుంది. పైగా మూసింది నువ్వేనని ఆ మనిషినే నమ్మనిచ్చింది. దీనికి పేరేమిటి? ఎవరో పరాయివాళ్ళు చేశారని వింటే తను ఏమనేది?

ఆమె కంపెనీవాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. రెండు తెరల పద్ధతి ఏదైనా ఉంటే అందులోకి మార్చుకుందామని. అవతల ఎవరో అలసిన గొంతు ఆడమనిషి.

“మేడమ్, మీకు ఇప్పటికే రెండు తెరలున్నాయి.”

“ఉండవండీ. నేను ఒకటి చూస్తుంటే రెండోది రావట్లేదు.”

“అయితే మూడోది ఎక్కడో ఆడుతోంది మేడమ్. మీ ఖాతాలో వాడుక అని ఉంటుంది, తెరవండి. ఎప్పుడూ చూడలేదా?”

ఎప్పుడూ చూడలేదు. లోకంలో దేని లోపమైనా వరస తప్పకుండా వెతికే మనిషి, దీన్ని మాత్రం తన దగ్గరే ఆపేసింది. తప్పు నాదేనని ముందే ఒప్పేసుకున్నాక ఇంకెక్కడ వెతుకుతుంది?

తెరిచింది. సింహం బొమ్మ. ఆఫీసు కంప్యూటరు. ఆటల ఛానెల్. ఈరోజు ఉదయం పదీ పన్నెండు నుంచి, ఇంకా ఆడుతూనే ఉంది. నిన్న పదింటి నుంచి అయిదున్నర దాకా. మొన్న కూడా అంతే. ఇరవై రోజుల కిందటి వరకూ వరస వెనక్కి వెళ్ళి అక్కడ ఆగింది. ఆ ఛానెల్లో ఆటల పోటీలు మొదలైంది ఆరోజే, ఆ సాయంత్రం అతను ఈలవేస్తూ ఇంటికొచ్చాడు. “మధ్యాహ్నం పూట ఫోన్ చెయ్యకు, ఆఫీసులో తలెత్తే తీరిక ఉండదు” అనే మాట అంతకు చాలాముందు నుంచీ ఉంది. అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డ రోజు కూడా ఆ మాట గుర్తొచ్చి, ముందు అంబులెన్సుకి చేసి, తరవాతే అతనికి చేసింది.

“ఆ తెర ఆపేయమంటారా మేడమ్?” అంది ఫోన్లో గొంతు.

ఆపేయమనే మాట నోటిదాకా వచ్చింది. అంతలోనే అలవాటైన పిరికితనం అడ్డుపడింది. పాపం, పొద్దస్తమానం ఆఫీసులో... అని. “వద్దండీ, ఇంట్లో మాట్లాడుకుంటాం” అని పెట్టేసింది. కొంచెం తేలిక పడుతుందనుకుంది. పడలేదు. ఆయన తప్పు ఆయనది. కత్తెర పట్టుకున్న చెయ్యి మాత్రం తనదే.

ముందుగదిలోకి వెళ్ళి, అత్తగారి కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుని, పిండి డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. పదకొండు నిమిషాల సంగతి కూడా దాచలేదు. “క్షమించండి అత్తయ్యా. టేపు వేస్తుంటే కూడా మాట్లాడలేకపోయాను” అంది.

ఆవిడ కిటికీ వైపే చూస్తూ మెల్లిగా అంది. “నాకు మతి తప్పుతోందేమో అనుకున్నానే. వచ్చేవారం డాక్టర్ని అడుగుదామనుకున్నాను, అడిగితే ఏం చెబుతాడోనని హడలిపోతున్నాను. రాత్రిళ్ళు దుప్పటి కింద వేళ్ళతో అక్షరాలు కొట్టి చూసుకుంటున్నాను, మర్చిపోయానా అని.”

ఇంతదూరం ఆమె ఊహించలేదు. ఊహించాల్సింది.

“నన్నొక్క మాట అడిగితే నా టైము మార్చుకునేదాన్నిగా?”

“అడగడానికి... అదేం ముఖ్యమైంది కాదు అత్తయ్యా. ఊరికే చూస్తున్నాను.”

“మరి నేను? కలెక్టరు పరీక్షకి చదువుతున్నానా?” ఆవిడ విసుక్కుంది. గొంతులో కోపం పోలేదు, పోవాలని ఆమె కూడా అనుకోలేదు. మళ్ళీ ఆవిడే అడిగింది. “వాడు మాత్రం పొద్దున్నుంచీ ఆడిస్తున్నాడా?”

“పదీ పన్నెండు నుంచి.”

“నన్నేమో రిమోటు ముట్టుకోవద్దన్నాడు!” అని, టేపు మూల ఒకటి గోటితో గీరడం మొదలుపెట్టింది.

సాయంత్రం అతను వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. రిమోటు మీద జిగురు మరకలు తప్ప టేపు లేదు. అది గమనించి మొహం చిట్లించాడు. “మళ్ళీ మొదలా? ఇక లాభం లేదు, ఆ సర్వీసే తీసేయిస్తాను. పీడా పోతుంది. ఇంట్లో దాన్ని చూసేదెవరు గనక?”

“తీసెయ్యకండి. నేను చూస్తున్నాను.”

“నువ్వా?” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నీకు తీరికెక్కడిది?”

అన్నాక ఆ మాట అతనికే ఎక్కడో తగిలినట్టుంది, కాస్త తడబడ్డాడు. ఆమె మాత్రం తడబడలేదు. “మనకున్నవి రెండు తెరలు. మధ్యాహ్నం ఒకటి అత్తయ్యది, ఒకటి నాది. మూడోది మీ ఆఫీసు కంప్యూటరు. మీ అమ్మ ఏమీ నొక్కలేదు.”

“అదా? అది... నేను చూడటం ఏమీ లేదు. పక్కన ఊరికే అలా నడుస్తుంటుంది, అంతే.”

“అయితే రేపట్నుంచి ఒంటిగంట ముప్పావుకి ఆపేయండి. నేను ఆపను.”

ఆమెకి ఏదో నేరం చేసి పట్టుబడ్డట్టే ఉంది. అలాంటప్పుడు ఇన్నేళ్ళుగా దానంతటదే ఊడిపడే మాట ఒకటుంది. “పోనీలెండి, నాదే తప్పు” అని. అతను ఆ మాట కోసమే ఆగినట్టు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె దాన్ని అక్కడే నిలబెట్టింది. తప్పు చేసిన మాట నిజమే. కానీ ఈ గదిలో తను క్షమాపణ చెప్పుకోవలసిన మనిషి ఒక్కరే. ఆవిడకి మధ్యాహ్నమే చెప్పేసింది.